పళ్ళెంలో నూనె

మా పెరట్లో వేపచెట్టు కింద ముప్ఫై ఏళ్ళపాటు ఓ సత్తుపళ్ళెం ఉద్యోగం చేసింది. మొదట అది అన్నం తినే పళ్ళెమే. అంచు సొట్టపోయాక అమ్మ దానికి వంటింట్లోంచి ఉద్వాసన చెప్పింది. నాన్న దానికి ట్రాక్టరు కింద చోటు చూపించారు. రాత్రి బండి వచ్చి చెట్టుకింద ఆగగానే వెనక ఇరుసు కింద ఆ పళ్ళెం పెట్టాలి. తెల్లవారి లేచి అందులో చేరిన నూనెని పాత పంచెగుడ్డలో వడగట్టి డబ్బాలో పోయాలి. చిన్నప్పుడు ఈ పని నాది. జీతం లేదు గాని, ఒలకబోస్తే చీవాట్లు మాత్రం దండిగా ఉండేవి.

ఆ ట్రాక్టరు నాన్న 1988లో కొన్నారు. కంపెనీ పేరు చెప్పను. తప్పు కంపెనీది కాదు, వయస్సుది. కొన్న ఐదారేళ్ళకి నూనె కారడం మొదలైంది. నాన్న దృష్టిలో అది రోగం కాదు, స్వభావం. "పాడిగేదె అన్నాక పాలు కారకుండా ఉంటుందిట్రా?" అనేవారు. కారినంత మళ్ళీ పోసేవారు. లెక్క సరిపోయేది.

నేను తెలుగు ఎమ్మే చదివి, కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సంస్కృతంలో 'స్నేహ' శబ్దానికి నూనె అనీ, చెలిమి అనీ రెండర్థాలున్నాయని పిల్లలకి ఏటా చెబుతూనే ఉంటాను. ఆ రెండర్థాలూ మా వేపచెట్టు కిందే కలిసి కూర్చుని ఉన్నాయని మాత్రం 2024 వేసవిలో గాని నాకు తెలిసిరాలేదు.

నాన్న 2021లో కాలం చేశారు. వ్యవసాయం మా తమ్ముడిది. ఊరు తెనాలికి దగ్గర. కృష్ణ కాలవ కింద మాగాణి. నేను ఉండేది పట్నంలో. ప్రతి ఆదివారం తమ్ముడికి ఫోను చేసి, యోగక్షేమాలు అయిపోగానే, "ఆ పాత ఇనుము ఇంకా ఎందుకురా, అమ్మేయరాదూ?" అని సలహా పారేసేవాణ్ణి. వాడు ఊఁ కొట్టేవాడు. అమ్మేవాడు కాదు. కొత్త ట్రాక్టరంటే లక్షల మీద మాట. ఆ లక్షలు ఎక్కణ్ణించి వస్తాయని వాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ వేసవి సెలవుల్లో ఊరు వెళ్ళేసరికి పళ్ళెం పక్కన బకెట్టు కూడా చేరింది. అంతేకాదు, గొర్రు పైకెత్తమంటే లిఫ్టు ముసలమ్మలా మూలుగుతోంది. కాలవలకు నీళ్ళు వదిలితే దమ్ము పనులు మొదలవుతాయి. ఈలోగా ఏదో ఒకటి తేల్చాలి.

ఇక్కడ ఆ లిఫ్టు సంగతి రెండు ముక్కలు చెప్పాలి. ట్రాక్టరు నడిపేవాడు సీటు పక్కనున్న చిన్న కడ్డీని వేలితో కదిపితే వెనకనున్న రెండు మూడు క్వింటాళ్ళ ఇనుము పైకి లేస్తుంది. లేపేది నూనే. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది తగ్గకుండా అన్ని వైపులకూ పాకుతుందని పదిహేడో శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి పండితుడు చెప్పాడు. ఆ సూత్రాన్ని నాగలికి ముడిపెట్టినవాడు ఐర్లండులో 1884లో పుట్టిన రైతుబిడ్డ హారీ ఫెర్గూసన్. నాగలిని బండిలా వెనకాల ఈడ్చుకుపోవడం కాదు, మూడుచోట్ల బిగించి నూనె బలంతో పైకెత్తీ దింపీ నడపాలన్నాడు. 1938లో హెన్రీ ఫోర్డుతో వట్టి కరచాలనం మీద ఒప్పందం కుదుర్చుకున్నాడు. 1939లో ఆ ఇద్దరి ట్రాక్టరు వచ్చింది. తర్వాత ఆ కరచాలనం కాస్తా కోర్టుకెక్కిందనుకోండి. ఇవాళ మన ఊళ్ళల్లో తిరిగే ట్రాక్టర్ల వెనక కనిపించే ఆ మూడు చేతుల అమరిక ఆయన చలవే.

మా ట్రాక్టరు తరం వాటిలో చాలావాటికి గేర్లకూ, వెనక ఇరుసుకూ, లిఫ్టుకూ నూనె ఒకటే. ఉమ్మడి కుటుంబం అన్నమాట. ఒకచోట పోసింది అందరికీ చేరుతుంది. ఒకచోట చెడింది అందరినీ చెరుస్తుంది.

ఇంత తెలిసినవాణ్ణి గనుక, రిపేరు నేనే చేద్దామని నడుం కట్టాను. ట్రక్కు తొట్టిని ఎత్తడానికి బయటికి తీసిన పైపు ఒకటి ఉంది. దాని కలయిక దగ్గర తడి కనిపించింది. విప్పి చూస్తే లోపలి రబ్బరు రింగు ఎండిన వడియంలా ఉంది. పాత సైకిలు ట్యూబు కత్తిరించి, అచ్చం అలాంటిదే ఒకటి తయారుచేసి బిగించాను. నూనె ఆగింది. ఆ సాయంత్రం అమ్మ పకోడీలు వేసింది. "కాలేజీ ఉద్యోగం పోయినా అన్నయ్యకి ఫరవాలేదు" అన్నాడు తమ్ముడు. నేనూ కాదనలేదు.

మూడోనాడు మళ్ళీ ధార. విప్పి చూస్తే నా రింగు ఉబ్బి గారెంత అయింది. అన్ని రబ్బర్లూ రబ్బర్లే అనుకోవడం నా అమాయకత్వం. సైకిలు ట్యూబుకి గాలితోనే పరిచయం. ఖనిజ తైలం తగిలితే పీల్చుకుని ఉబ్బిపోతుంది. నూనెలో ఉండవలసిన రింగులకి నైట్రైల్ అనే వేరే రబ్బరు వాడతారు. రెండూ నల్లగానే ఉంటాయి. కాకి నలుపు, కోకిల నలుపు.

అప్పుడు తమ్ముడు పక్క ఊరి మేస్త్రీని పిలుచుకొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. మా నాన్నకి స్నేహితుడు. వస్తూనే ట్రాక్టరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఎక్కడ కారుతోంది మేష్టారూ?" అన్నాడు. నేను నాలుగుచోట్ల చూపించాను.

"అవి తడిసిన చోట్లు. కారేచోటు వేరే ఉంటది. నూనె పైన పుట్టి కిందికి వచ్చి కనపడుద్ది. బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుద్ది. ముందు దీనికి తలంటు పోయించండి" అన్నాడు.

తలంటు పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. ముప్ఫై ఏళ్ళ నూనె, దుమ్ము, దమ్ము బురద కలిసి అరంగుళం మందాన పట్టిన పొరని గరిటెతో గీకి, డీజిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచాం. మర్నాడు పొద్దున్నే మేస్త్రీ చెయ్యి చాచి, "మేష్టారూ, మీ సుద్దముక్కలు ఇట్లా పట్టుకురండి" అన్నాడు. హాస్యానికన్నాడేమో అనుకున్నాను. కాదు. నా సంచిలోని సుద్దముక్కలన్నీ పొడిచేయించి, అనుమానమున్న ప్రతి అతుకు మీదా చల్లించాడు. తర్వాత ఇంజను స్టార్టు చేయించి, గొర్రుని పదిసార్లు ఎత్తించి దింపించాడు. నూనె పుట్టిన చోట సుద్ద ముందుగా తడిసి నల్లబడుతుంది. మిగతాచోట తెల్లగానే ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా సుద్దముక్కతో బోర్డు మీద రాస్తున్నాను. అది ఇంత స్పష్టంగా సత్యం చెప్పగా నేనెన్నడూ చూడలేదు.

నేను వంగి, పైపు కలయిక మీద వేలుపెట్టి తడిమి చూడబోతే మేస్త్రీ నా చెయ్యి పట్టి లాగేశాడు. అంత పెద్దమనిషి అంత విసురుగా లాగడం చూసి బిత్తరపోయాను. లిఫ్టు బరువెత్తేటప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 2,000 పౌన్లు దాటగలదు. కారు టైరులో ఉండేది సుమారు 30 పౌన్లు. సూదిమొనంత బెజ్జంలోంచి ఆ ఒత్తిడితో వచ్చే నూనె కంటికి ఆనదు, చర్మంలోకి మాత్రం దిగిపోతుంది. చీమ కుట్టినట్టు ఉంటుందట. అదే దాని మోసం. లోపల కండ చెడిపోతుంది. వెంటనే ఆసుపత్రికి పోయి శస్త్రచికిత్స చేయించుకోకపోతే వేలో చెయ్యో పోయే ప్రమాదముంది. చూడాలంటే ఇంజను ఆపి, లిఫ్టు దింపి, ఒత్తిడి పోయాక చూడాలి. తప్పనిసరైతే దూరం నుంచి అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. అలాగే, ఎత్తి ఉంచిన గొర్రు కిందికి కొయ్య దిమ్మె పెట్టకుండా ఎవరూ దూరకూడదు. లోపలి రింగులు అరిగిన లిఫ్టు ఎప్పుడు దిగుతుందో చెప్పి దిగదు.

సుద్ద మూడు చోట్ల నల్లబడింది. లిఫ్టు చేతులు తిరిగే అడ్డకడ్డీ కుడికొస ఒకటి. వెనక యంత్రాలకు శక్తినిచ్చే కడ్డీ దగ్గర సీలు రెండోది. మూడోది, చెప్పొద్దూ, నా సైకిలు ట్యూబు నివాసం.

మేస్త్రీ అంతటితో లేవలేదు. ఇరుసు పైనున్న చిన్న మూత ఒకటి విప్పాడు. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించినప్పుడు బయటికి పోవడానికి పెట్టిన దారి అది. బురదతో గట్టిగా బిగుసుకుపోయి ఉంది. "దీనికి ఊపిరి ఆడటంలేదు. ఊపిరాడకపోతే ఎవరైనా ఏంచేస్తారు? దొరికిన సందులోంచల్లా తన్నుకొస్తారు" అన్నాడు. ఆ తర్వాత నూనె కొలిచే పుల్ల తీశాడు. నూనె గీతకి పైన చాలా ఎత్తున ఉంది. రంగు చూస్తే చిక్కటి మజ్జిగ. దమ్ములో నీళ్ళు చేరాయన్నమాట.

"కారుతోంది గదా బాబాయ్, నాలుగు రోజులకి సరిపోను కొంచెం ఎక్కువే పోస్తున్నా. లిఫ్టు మూలిగినప్పుడల్లా ఇంకో లీటరు" అన్నాడు తమ్ముడు.

లిఫ్టు మూలిగింది నూనె చాలక కాదు. పంపు నూనె పీల్చుకునేచోట సన్నటి జల్లెడ ఉంటుంది. అది మడ్డితో మూసుకుపోయింది. ఆ మడ్డి ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. పళ్ళెంలో పడిన నూనె, నేను పంచెగుడ్డలో వడగట్టిన నూనె. పంచెగుడ్డ గడ్డిపరకని ఆపుతుంది గాని, కంటికి కనపడని దుమ్ముని ఆపదు. మేము పొదుపనుకున్నది ముప్ఫై ఏళ్ళుగా పంపుని గరుకుకాగితంతో రుద్దుతోంది.

మేస్త్రీ ఎడమ పెద్ద చక్రం లోపలివైపు వంగి చూసి, చాలాసేపు లేవలేదు. అక్కడ బ్రేకు డ్రమ్ము అంచున సుద్ద సన్నగా, గోధుమరంగు గీతలా తడిసింది. చుక్క కూడా నేలమీద పడలేదు.

"అబ్బాయ్, ఎడమ బ్రేకు ఎట్లా ఉంది?"

తమ్ముడు మాట్లాడలేదు.

"నిన్నే."

"కొంచెం మెత్తగా ఉంది బాబాయ్."

జాకీ పెట్టి, ఇరుసు కింద దిమ్మెలు పేర్చి, చక్రం తీసి, డ్రమ్ము విప్పారు. లోపల బ్రేకు లైనింగు నూనెలో నానిన వత్తిలా ఉంది. గీత దాటి పోసిన నూనె, ఊపిరాడని ఇరుసు, అరిగిన సీలు మూడూ కలిసి నూనెని ఇరుసు చివరిదాకా నెట్టాయి. అక్కణ్ణించి అది బ్రేకులోకి దూరింది. అంటే, కారుతోందని మేము పోసిన ప్రతి అదనపు లీటరూ బ్రేకుని తినేస్తూ వచ్చింది.

ట్రాక్టరుకి రెండు వెనక చక్రాలకీ రెండు బ్రేకులు. పొలంలో మలుపు తిరగడానికి ఒక్కొక్కటే తొక్కుతారు. రోడ్డెక్కితే రెంటినీ కలిపి కొక్కెం వేస్తారు. ఒకటి పట్టి, రెండోది జారితే బండి నేరుగా ఆగదు, పట్టినవైపుకి లాగేస్తుంది. మాకు కుడిది పట్టేది. మా ఊరినించి రోడ్డుకి పోయే దారి కాలవకట్ట. వెళ్ళేటప్పుడు కాలవ కుడిచేతివైపు.

అప్పుడు తమ్ముడు నెమ్మదిగా చెప్పాడు. సంక్రాంతి ముందు ధాన్యం బస్తాలు వేసుకుని కట్టమీద పోతున్నాడట. గేదె అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాడు. బండి గిర్రున కుడికి తిరిగింది. ముందు చక్రం కట్ట అంచు దాకా పోయి, తాటి మొద్దుకి తగిలి ఆగింది. మడ్‌గార్డు మీద వాడి కొడుకు కూర్చుని ఉన్నాడు. ఎనిమిదో తరగతి.

"ఇంట్లో చెప్పలేదేమిరా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"చెబితే అమ్మ భయపడుద్ది. నీకు చెబితే..." ఆగాడు. "నీకు చెబితే అమ్మేయమంటావు. అమ్మేసి ఏంచేయమంటావన్నయ్యా?"

తరగతిలో ఎవరేమడిగినా జవాబు చెప్పే అలవాటు నాది. ఆ ప్రశ్నకి జవాబు లేదు. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం నేను పోసిన సలహా కూడా గీత దాటిన నూనేనని తెలిసింది. నేను పోసిన కొద్దీ వాడు లోపల దాచుకున్నాడు.

మర్నాడు నేనే విజయవాడ ఆటోనగర్ వెళ్ళి సామాను తెచ్చాను. ఓ-రింగులు, ఆయిల్ సీళ్ళు, ప్యాకింగు షీటు, బ్రేకు లైనింగులు, కొత్త జల్లెడ. సీళ్ళూ రింగులూ కలిపితే ఒక పట్టుచీర అంచు ఖరీదు కూడా కాలేదు. అంత చవకగా దొరికే ఆ ఓ-రింగుకి పెద్ద కథే ఉంది. డెన్మార్కులో పుట్టి అమెరికా వెళ్ళిన నీల్స్ క్రిస్టెన్సెన్ అనే ఆయన, డెబ్భై ఏళ్ళు దాటిన వయస్సులో, 1937లో దీనికి పేటెంటు అడిగాడు. 1939లో వచ్చింది. ఒక గాడి, ఆ గాడిలో ఓ గుండ్రటి రబ్బరు రింగు, అంతే. నూనె నెట్టిన కొద్దీ రింగు గాడి గోడకి అదుముకుని దారి మూస్తుంది. 1986 జనవరి 28న అమెరికావారి ఛాలెంజరు వ్యోమనౌక 73 సెకన్లలో కూలి ఏడుగురు చనిపోవడానికి కారణం, చలికి బిర్రబిగుసుకున్న ఇలాంటి రింగులే. మా పాత రింగుని చేతిలో పెట్టి మేస్త్రీ వంచితే అది పుటుక్కున విరిగింది. ఆకాశంలోనైనా, కాలవకట్ట మీదైనా రబ్బరు గుణం ఒకటే.

రెండు రోజులు పనిచేశాం. నేను పానాలు అందించేవాణ్ణి. ఆయిల్ సీలుకి ముఖం ఉంటుందనీ, స్ప్రింగున్న పెదవి నూనె వైపే చూడాలనీ, తిరగేస్తే కొత్తదైనా కారుతుందనీ నేర్చుకున్నాను. పాత సీలు కడ్డీమీద గాడి కోసి ఉంటే కొత్తసీలు అదే గాడిలో కూర్చోకూడదు. మేస్త్రీ దాన్ని వెంట్రుకవాసి పక్కకి జరిపి కూర్చోబెట్టాడు. పళ్ళున్న కడ్డీమీదుగా తొడిగేటప్పుడు పెదవి తెగకుండా కాగితం చుట్టి, నూనె రాశాడు. ప్యాకింగు షీటుని మూత మీద పరిచి, సుత్తితో అంచుల వెంట మెల్లగా తడితే అచ్చు ఆకారం తెగివచ్చింది. బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాడు. పాత రాగి వాషర్లని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. ఇనుముని అలా చేస్తే గట్టిపడుతుందని విన్నాను. రాగి మాత్రం మెత్తబడుతుందట. మెత్తబడితేనే సందు పూడుస్తుంది. వేడికీ చల్లదనానికీ అందరూ ఒకేలా మారరు గదా.

చివరికి మజ్జిగ నూనె అంతా డబ్బాల్లోకి దింపాం. కాలవలో పోయవద్దని మేస్త్రీ మరీమరీ చెప్పాడు. కొత్త నూనెని పుల్లమీద గీత దాకా పోసి, పైన చుక్క పోయనివ్వలేదు. కొత్త లైనింగులు వేసి, కాలవ లేని బాట చూసుకుని బ్రేకు పరీక్షించాడు. బండి గీత గీసినట్టు ఆగింది.

డబ్బు సంగతి ఎత్తితే మేస్త్రీ, "మీ నాన్న నాకు బాకీలేడు" అన్నాడు. మేము వినలేదు. ఇద్దరం చెరిసగం వేసుకుని ఆయన జేబులో పెట్టాం. చెరిసగం అన్నమాట మా అన్నదమ్ముల మధ్య వచ్చి చాలాకాలమైంది.

ఇప్పుడు కూడా ప్రతి ఆదివారం ఫోను చేస్తాను. అమ్మేయమని అనడం మానేశాను. "బ్రేకు ఎలా ఉందిరా?" అంటాను. వాడు ఊఁ కొట్టడు. వివరంగా చెబుతాడు. కొడుకు చదువు, పంటబాకీ, మోకాలినొప్పి అన్నీ ఆ బ్రేకు వెనకాలే వస్తాయి.

అదిసరే, పళ్ళెం ఏమైందంటారా? రిపేరైన రాత్రి అమ్మ యథాప్రకారం దాన్ని ట్రాక్టరు కింద పెట్టింది. "ఇంక అక్కర్లేదమ్మా" అన్నాను. "ఉండనీరా. నూనె కారట్లేదని తెలియాలన్నా పళ్ళెం ఉండాలిగా" అంది. తెల్లవారి లేచి, చిన్నప్పటి అలవాటు కొద్దీ, వంగి చూశాను. నూనె లేదు. పండిన వేపకాయ ఒకటి రాలి పడి ఉంది.